కొకొరోతె అక్కచెల్లెళ్లకు వజ్రోత్సవ వందనం

వెనెజువేలాలో యారకూయ్ అనే రాష్ట్రం ఉంది. దాని రాజధాని సాన్ ఫెలిపే. ఆ నగరాన్ని ఆనుకుని ఉన్న చిన్న ఊరు కొకొరోతె. 1965 జులైలో, నీలి అంచుల తెల్లచీరలు కట్టుకున్న కొద్దిమంది భారతీయ సిస్టర్లు మదర్ తెరెసాతో కలిసి ఆ ఊళ్లో అడుగుపెట్టారు. కలకత్తాలో పుట్టిన మిషనరీస్ ఆఫ్ చారిటీ సంఘం మన దేశపు ఎల్లలు దాటి తెరిచిన మొదటి ఇల్లు అదే. అది జరిగి 60 ఏళ్లు నిండాయి. ఈ వజ్రోత్సవ వేళ ఆ సంఘానికి, ఆ తొలి బృందానికి, వారిని తమలో కలుపుకున్న కొకొరోతె ప్రజలకు తెలుగు పాఠకుల తరఫున మనసారా అభినందనలు.

జూబిలీ సంచికల్లో ఎన్ని దేశాలు, ఎన్ని ఆశ్రమాలు, ఎన్ని పురస్కారాలు అన్న లెక్కలు ఉంటాయి. రాయవలసినవే. నా మనసు మాత్రం ఆ లెక్కలేవీ ఇంకా మొదలవని రోజుల దగ్గరే ఆగిపోతుంది. ఏ ఇంట్లో రోగి ఉన్నాడో అడగడానికి మాట రాని రోజులవి. ముసలమ్మ చెయ్యి పట్టుకుని నొప్పి ఎక్కడని అడగాలన్నా, ఆమె చెప్పింది అర్థం కావాలన్నా స్పానిష్ రావాలి. సేవ చేద్దామని సముద్రాలు దాటి వచ్చినవాళ్లు ముందుగా ఊరివాళ్ల సాయం అందుకోవలసి వచ్చింది. పేదలకు ఏదో ఇవ్వాలని వచ్చి, మొదట వాళ్ల దగ్గరే భాష పుచ్చుకున్నారు. ఈ 60 ఏళ్ల చరిత్రలో నేను అన్నిటికన్నా మిన్నగా గౌరవించేది ఆ ఘట్టాన్నే.

వాళ్లు అంత దూరం ఎలా వెళ్లారో కొంచెం చెప్పుకోవాలి. ఈ సంఘానికి కలకత్తా అగ్రపీఠంలో అధికారిక గుర్తింపు వచ్చింది 1950 అక్టోబరు 7న. కొత్త మఠసంఘం మొదటి పదేళ్లు తాను పుట్టిన పీఠంలోనే ఉండాలన్నది నాటి నియమం. అందుకే రాంచీ, ఢిల్లీ, ఝాన్సీలలో ఇళ్లు తెరవడానికి దాదాపు ఆ దశాబ్దమంతా ఆగవలసి వచ్చింది. 1965 ఫిబ్రవరి 1న ఆరవ పౌలు పోపుగారు ఈ సంఘాన్ని నేరుగా రోము అధికారం కిందికి తీసుకున్నారు. దాంతో విదేశాలకు దారి తెరుచుకుంది. రోములో అప్పుడు రెండో వాటికన్ మహాసభ జరుగుతోంది. లాటిన్ అమెరికా పీఠాధిపతులు తమ ఊళ్లలో గురువుల కొరత ఎంత తీవ్రంగా ఉందో చెప్పుకుంటున్నారు. వెనెజువేలాలోని బార్కిసిమేతో పీఠాధిపతి తన పీఠంలోని పల్లెలకు సిస్టర్లు కావాలని అడిగారు. భారతదేశంలో పోపు ప్రతినిధిగా ఉన్న ఆర్చిబిషప్ జేమ్స్ నాక్స్ ఆ పిలుపును బలపరిచారు. మదర్ మొదట తటపటాయించారు. 15 ఏళ్ల సంఘం, అందులో చాలామంది పిన్నవయసు వాళ్లు. అయినా అనుమతి వచ్చిన ఐదారు నెలల్లోనే బయలుదేరారు.

వాళ్లు చేరిన ప్రాంతానికి చేదు చరిత్ర ఉంది. స్పెయిన్ పాలనలో అక్కడి కోకో తోటల్లోనూ, ఆరోవా రాగి గనుల్లోనూ పని చేయించడానికి ఆఫ్రికా నుంచి బానిసలను తెచ్చారు. ఆ గనులు ఒకప్పుడు సిమోన్ బొలీవార్ కుటుంబపు ఆస్తి. బానిసత్వం పోయినా పేదరికం పోలేదు. 1960లో ఒపెక్ స్థాపించిన ఐదు దేశాల్లో వెనెజువేలా ఒకటి. చమురు డబ్బుతో కరాకస్‌లో ఎత్తైన భవనాలు లేస్తున్న కాలంలో, లోపలి పల్లెల్లో జ్ఞానస్నానం పొందినవాళ్లున్నా జ్ఞానోపదేశం చెప్పేవాళ్లు కరువయ్యారు. ఆ జనం మాట్లాడే స్పానిష్ ఒకనాడు వాళ్ల ముత్తాతలను కొన్నవాళ్ల భాష. తరాలు గడిచేసరికి దాన్ని తమదిగా చేసుకుని, జూన్ 24న వచ్చే యోహాను పండుగకు ఆ భాషలోనే పాడుతూ డప్పులు మోగిస్తున్నారు. వచ్చిన సిస్టర్ల సంఘంలో ఉమ్మడి భాష ఇంగ్లిష్. అదీ మనకు ఓడలెక్కి వచ్చిందే. రెండు వైపులా అలాంటి చరిత్రే ఉన్న మనుషులు ఒక వాకిట్లో కలుసుకున్నారు. ఈ కలయిక గురించి ఇంకా ఎక్కువగా రాసి ఉండవలసిందని నాకు అనిపిస్తుంది.

పరాయి భాషలో బతకడమంటే ఏమిటో మదర్‌కు బాగా తెలుసు. స్కోప్యేలో అల్బేనియన్ కుటుంబంలో పుట్టిన ఆగ్నెస్ 18 ఏళ్ల వయసులో, 1928 సెప్టెంబరులో ఇల్లు విడిచింది. డబ్లిన్ దగ్గర రాత్‌ఫార్నమ్‌లోని లొరెటో మఠంలో సుమారు ఆరు వారాలు ఇంగ్లిష్ నేర్చుకుంది. డిసెంబరు 1న ఓడ ఎక్కి 1929 జనవరి 6న కలకత్తాలో దిగింది. ఆ తరవాత బెంగాలీ, హిందీ. బెంగాలీలో పాఠాలు చెప్పేంత పట్టు సాధించాక లొరెటో మఠంలో ఆమెను బెంగాలీ తెరెసా అని పిలిచేవారు. ఆ పిలుపు ఊరికే రాదు. అక్షరం అక్షరం కూడబలుక్కున్న కష్టం వెనక ఉంటేనే వస్తుంది. కాబట్టి కొకొరోతెకు సిస్టర్లను పంపేటప్పుడు తాను అడుగుతున్నది ఎంత పెద్ద కోరికో ఆమెకు తెలియదనుకోలేం.

ఆ సిస్టర్లకు స్పానిష్ రెండో భాష కూడా కాదు. ఆనాడు సంఘంలో చేరే అమ్మాయి ఇంట్లో మాట్లాడే భాష ఒకటి. మఠంలో ఇంగ్లిష్ నేర్చుకోవాలి. కలకత్తా బస్తీల్లో తిరగాలంటే బెంగాలీ, హిందీ కావాలి. వాటిని పట్టుకుని ఊపిరి తీసుకునేలోపే ఇంకో కొత్త భాష ఎదురైంది. ఇంతకు ముందు రెండు మూడు భాషలు నేర్చినవాళ్లకు ఇంకొకటి తేలిక అంటారు. చదువుకునే తీరిక ఉన్నవాళ్ల విషయంలో అది నిజం కావచ్చు. తెల్లవారుజామున ప్రార్థనతో మొదలై, వంట, చాకిరీ, ఊరు తిరగడం, మళ్లీ ప్రార్థనతో ముగిసే రోజులో నిఘంటువు ముందు కూర్చునే గంట ఎక్కడిది?

వాళ్లకు ఇంకో ఆసరా కూడా ఆ సమయానికే చేజారింది. అంతవరకూ ప్రపంచంలో లాటిన్ రీతి పాటించే ఏ కతోలిక గుడికి వెళ్లినా పూజ లాటిన్‌లోనే ఉండేది. కలకత్తాలో విన్న ప్రార్థనే కరాకస్‌లోనూ వినిపించేది. 1963 డిసెంబరులో వాటికన్ మహాసభ దేశభాషల్లో పూజకు తలుపు తెరిచింది. 1965 నాటికి ఆ మార్పు గుడుల్లోకి వచ్చేసింది. అది మేలైన మార్పు, జనానికి తమ నోటి మాటతో దేవుణ్ణి పిలిచే హక్కు దక్కింది. అయితే సరిగ్గా ఆ సంవత్సరమే అక్కడ దిగిన పరదేశీ సిస్టర్లకు, కంఠతా వచ్చిన ప్రార్థన దగ్గర కూడా కొత్తగా నోరు తిప్పుకోవలసి వచ్చింది. పరలోక జపము, మంగళవార్త జపము, జపమాల రహస్యాలు అన్నీ మళ్లీ మొదటి నుంచి. పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పాలంటే ముందు తాము అప్పజెప్పగలగాలి కదా.

స్పానిష్ మన చెవికి మరీ పరాయిది కాదు. అందులోని అ, ఎ, ఇ, ఒ, ఉ మన అచ్చుల్లాగే నిక్కచ్చిగా పలుకుతాయి. చాలా మాటలు తెలుగు మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి. త, ద లు పంటికి నాలుక ఆనించి పలికేవే. ఇంగ్లిష్‌వాళ్లను ఏళ్లతరబడి ఏడిపించే ర్ర మనకు గుర్రం, బర్రె అన్నంత సులువు. క్రియ చివర చూస్తే కర్త ఎవరో తెలిసిపోతుంది కాబట్టి, వస్తాను అంటే చాలు నేను అనక్కర్లేదన్న మన అలవాటు అక్కడా చెల్లుతుంది. పెద్దవాళ్లను ఉస్తేద్ అని, చనువున్నవాళ్లను తూ అని పిలిచే తేడా, మీరు, నువ్వు అనే ఇళ్లలో పెరిగినవాళ్లకు పాఠం చెప్పి నేర్పాల్సింది కాదు. ప్రార్థనలో దేవుణ్ణి చనువుగా పిలవడమూ అంతే, మనం నీవు అన్నట్టే వాళ్లూ తూ అంటారు.

కష్టం ఆ తరవాత మొదలవుతుంది. బల్ల ఆడది, పుస్తకం మగది. దానికి తగ్గట్టు విశేషణమూ మారాలి. హిందీ వచ్చినవాళ్లకు ఆ పద్ధతి తెలిసిందే గానీ, ఏ వస్తువు ఏ లింగమో మళ్లీ మొదటి నుంచి గుర్తుపెట్టుకోవాలి. ఉండడానికి రెండు క్రియలు: మనిషి స్వభావం చెప్పడానికి ఒకటి, ఇప్పుడు ఎలా ఉన్నాడో, ఎక్కడ ఉన్నాడో చెప్పడానికి ఇంకొకటి. జబ్బు పడ్డ మనిషి గురించి రోజూ మాట్లాడవలసినవాళ్లకు ఈ రెండింటి తేడా అడుగడుగునా కావాలి. గడిచిన కాలానికీ రెండు రూపాలు. కోరిక, సందేహం, ఆశ చెప్పాలంటే క్రియ మరో వేషం కడుతుంది. ఆశను చెప్పే ఆ రూపం నేర్చుకునే సరికి ఎంత ఓపిక కావాలో ఆ భాష చదివినవాళ్లు ఎవరైనా చెబుతారు.

పైగా పుస్తకంలోని స్పానిష్ వేరు, కరీబియన్ గాలి సోకిన వెనెజువేలా స్పానిష్ వేరు. అక్కడ మాట చివర స కారాన్ని సగం ఊపిరిలోనే వదిలేస్తారు. రెండు అచ్చుల మధ్య ద కారం జారిపోతుంది. వేగం ఎక్కువ. బహువచనాన్ని తెలిపే స కారమే వినపడకపోతే ఒక బిడ్డకు జ్వరమో, ఇంట్లో పిల్లలందరికీ జ్వరమో కొత్తవాళ్లకు ఎలా తెలుస్తుంది? ఇలాంటి చోట పుస్తకం ఎంతోకాలం తోడు రాదు. అరుగు మీద కూర్చున్న అవ్వ, వీధిలో ఆడుకునే పిల్లలు, అరేపా రొట్టెలు కాల్చే ఇల్లాలు అసలైన పంతుళ్లవుతారు. పిల్లలు మొహమాటం లేకుండా తప్పు దిద్దుతారు, అవ్వలు విసుగు లేకుండా మళ్లీ చెబుతారు. అందుకే ఈ అభినందనలో సగం కొకొరోతె ప్రజలకు దక్కాలని నేను పట్టుబడతాను. ఏ పీఠమూ వాళ్లకు జీతం ఇవ్వలేదు, ఏ జూబిలీ ఫలకం మీదా వాళ్ల పేర్లుండవు.

వెనెజువేలాలో ఒక చక్కని ఆచారం ఉంది. ఇంట్లోకి వచ్చినా, బయటికి వెళ్తున్నా, పిల్లలు పెద్దవాళ్లను బెందిసియోన్ అని అడుగుతారు. దీవెన ఇమ్మని అడగడం అది. దేవుడు నిన్ను దీవించుగాక అని పెద్దవాళ్లు బదులిస్తారు. పెళ్లయి పిల్లలున్న కొడుకు కూడా తల్లి దగ్గర ఆ మాట అనకుండా గడప దాటడు. కాళ్లకు మొక్కితే చల్లగా ఉండమనే ఇళ్ల నుంచి వచ్చిన అమ్మాయిలకు ఈ ఆచారం ఎంత దగ్గరగా తోచి ఉంటుందో నేను ఊహించుకుంటాను. దీవించడం నేర్చుకోవడంతో భాష మొదలుపెట్టగలిగే అదృష్టం అందరికీ దొరకదు.

వాళ్ల మొదటి నెలలు ఎలాంటి కాలంలో గడిచాయో కూడా తలుచుకోవాలి. వాళ్లు అక్కడ దిగిన మర్నెలలోనే కాశ్మీరులో పోరు మొదలైంది. సెప్టెంబరులో భారత్, పాకిస్తాన్ పూర్తి స్థాయి యుద్ధంలో దిగాయి. ఆ ఏడాది వానలు కూడా ముఖం చాటేశాయి, దేశం అమెరికా గోధుమల కోసం ఎదురుచూసే స్థితికి వచ్చింది. ఇంటి నుంచి ఉత్తరం రావాలంటే రోజులు, వారాలు. ఈలోగా సొంత ఊరి క్షేమం కూడా సగం సగం అర్థమయ్యే భాషలోనే వినాలి. మన దేశంలో పేదలు లేరా, అంత దూరం వెళ్లడం ఎందుకన్న ప్రశ్న ఆనాడూ ఉంది, ఈనాడూ ఉంది. గౌరవించవలసిన ప్రశ్నే. నా సమాధానం ఇది: కలిగినవాళ్లు లేనివాళ్లకు పంపడమే సేవ అని ప్రపంచం నమ్ముతున్న రోజుల్లో, తిండిగింజలకు వెతుక్కునే దేశపు ఆడపిల్లలు మరో దేశపు పేదల గుమ్మం తట్టారు. సేవ చేసే అర్హత సంపన్న దేశాలకే సొంతం కాదని అప్పట్లో ఇంతకన్నా స్పష్టంగా చెప్పినవాళ్లు నాకు కనిపించరు.

ఆ తేడా తెలియాలంటే పక్కన ఇంకేం జరుగుతోందో చూడాలి. 1961లో అమెరికాలోని మఠసంఘాలు పదేళ్లలో తమ సభ్యుల్లో పదో వంతును లాటిన్ అమెరికాకు పంపాలని వాటికన్ కోరింది. అలా వెళ్లేవారి కోసం మెక్సికోలోని క్వెర్నవాకాలో ఇవాన్ ఇలిచ్ నడిపిన కేంద్రం నెలల తరబడి స్పానిష్ నేర్పేది. ప్రొటెస్టెంటు మిషనరీలకు కోస్తారికా రాజధాని సాన్ హొసేలో ఒక భాషాసంస్థ ఉండేది. బొలీవియాలోని కొచబాంబాలో మేరీనోల్ సంఘంవారి బడి పేరు పొందింది. ఇలిచ్ అయితే, పరదేశీ మిషనరీ తన సంస్కృతిని మోసుకొచ్చి పేదల మీద రుద్దే ప్రమాదం గురించి ఘాటుగా హెచ్చరించాడు. ఆ హెచ్చరికలో నిజం ఉందని నేను నమ్ముతాను. దానికి కొకొరోతె సిస్టర్ల బతుకులో ఒక జవాబూ ఉంది. రుద్దడానికి వాళ్ల దగ్గర డబ్బు లేదు, దర్పం లేదు, చివరికి మాట కూడా లేదు. పేదరికాన్ని వ్రతంగా పట్టినవాళ్లు వాళ్లు. పిల్లలకు జ్ఞానోపదేశం, ఆడపిల్లలకు కుట్టుపని, ఇల్లిల్లూ తిరిగి రోగులనూ ఒంటరివాళ్లనూ పలకరించడం, ఇవే వాళ్ల పనులు.

తెలుగువాళ్లకు ఈ కథలో ప్రత్యేకంగా ఆనందించవలసింది ఒకటుంది. మనం చాలాకాలం ఈ కథకు అవతలి వైపున ఉన్నాం. జర్మనీ నుంచి వచ్చిన బెంజమిన్ షుల్జ్ మన భాష నేర్చుకుని 1728లోనే తెలుగు వ్యాకరణం రాశాడు. ఫ్రెంచి జెస్విటు గురువు గాస్తోన్ కేర్దూ తెలుగు నేల మీద ఏళ్లు గడిపి తెలుగు నిఘంటువు కూర్చాడు. వాళ్ల ఉచ్చారణ విని నవ్వుకున్న ఊళ్లు, ఓపికగా దిద్దిన పండితులు, అన్నం పెట్టిన ఇళ్లు మనవే. ఆ నేర్పిన చేతుల పేర్లు చాలావరకు ఎక్కడా మిగల్లేదు. ఇప్పుడు మన దేశపు బిడ్డలు మరొకరి వాకిట్లో కూర్చుని నేర్చుకునేవాళ్లయ్యారు.

ఆ తొలి ఇంటి ఆశలు ఏమయ్యాయి? ఫలించాయి. రాంచీలో, నేపాలీ మూలాలున్న హిందూ కుటుంబంలో పుట్టి, న్యాయశాస్త్రం చదివిన సిస్టర్ నిర్మల, సంఘపు తొలి విదేశీ కేంద్రాల్లో ఒకటైన పనామా ఇంటిని నడిపించారు. పనామాదీ స్పానిష్ నోరే. ఆమే 1997లో మదర్ తరవాత సంఘానికి పెద్దయ్యారు, 2009 వరకు ఆ బాధ్యత మోశారు, ఆ ఏడాదే పద్మవిభూషణ్ అందుకున్నారు. పెరూలోని లిమాలో 1973లో ఇల్లు తెరుచుకుంది, మెక్సికో నగరంలో 1976లో. 1986లో మదర్ క్యూబా వెళ్లి ఫిదెల్ కాస్త్రోను కలిశారు, ఆ దేశంలోకీ సిస్టర్లు వెళ్లారు. కొకొరోతెలో తడబడుతూ మొదలైన స్పానిష్, ఖండమంతటా సంఘపు వాడుక భాషల్లో ఒకటైంది.

కష్టం మాత్రం తీరిపోలేదు. 2022 జూన్ చివర్లో నికరాగ్వా ప్రభుత్వం ఈ సంఘపు గుర్తింపు రద్దు చేసింది. జులైలో 18 మంది సిస్టర్లు కాలినడకన సరిహద్దు దాటి కోస్తారికాలోకి వెళ్లవలసి వచ్చింది. మూడు దశాబ్దాలకు పైగా అనాథ పిల్లలనూ వృద్ధులనూ చూసుకున్న ఇళ్లు వెనక ఉండిపోయాయి. వాళ్లలో మన దేశస్థులూ ఉన్నారు. వాళ్లు సరిహద్దు దాటుతున్న ఫొటోలో, చేతిలో చిన్న సంచులతో నడుస్తున్న తెల్లచీరలను చూసినప్పుడు నాకు కోపమూ దుఃఖమూ కలిసి వచ్చాయి. ఇక వెనెజువేలా సంగతి చెప్పనక్కర్లేదు. ఒకనాటి ఆ చమురు దేశం నుంచి గత పదేళ్లలో 70 లక్షల మందికి పైగా వలసపోయారు. సిస్టర్లు వెళ్లిన నాటికన్నా అక్కడి పేదలకు నేడు తోడు కావలసిన అవసరం తగ్గలేదు, పెరిగింది.

ఈ మిషనరీల వరస ఆగిపోలేదు కూడా. అమెరికాలోని ఎన్నో విచారణల్లో (పారిష్‌లలో) పనిచేస్తున్న తెలుగు కతోలిక గురువులకు, ఆదివారం ఒక పూజ ఇంగ్లిష్‌లోనూ మరొకటి స్పానిష్‌లోనూ చేయవలసి వస్తోంది. మెక్సికో నుంచి వలస వచ్చిన కూలీల ముందు నిలబడి, గుంటూరు యాసలోనో వరంగల్ యాసలోనో పరలోక జపము స్పానిష్‌లో చెబుతున్న ఆ గురువులకు ఈ వజ్రోత్సవం తమదీ అనిపించాలి.

ఆ తొలి బృందంలోని సిస్టర్లకు, వారి బాటలో నడిచి స్పానిష్ దేశాల్లో వయసంతా ధారపోసిన అక్కచెల్లెళ్లందరికీ మరొక్కసారి అభినందనలు. పాఠకులకు ఒక మనవి. మీ ఊరి నుంచి, మీ విచారణ నుంచి, మీ బంధువర్గం నుంచి అలా దూరదేశాలకు వెళ్లిన సిస్టర్ గానీ ఫాదర్ గానీ ఉంటే, ఈ నెలలోనే వారికి ఒక ఉత్తరం రాయండి. ఊరి కబుర్లు, వానల సంగతి, ఎవరింట పెళ్లి, ఎవరికి మనవరాలు పుట్టింది, అన్నీ రాయండి. తెలుగులోనే రాయండి.